ముందు చదవాల్సిన ఒక్క పుస్తకం

అన్నయ్యా, నేను కులాసాగానే ఉన్నాను, మనసే ఒకచోట నిలవడం లేదు.

మా ఆసుపత్రికి ఊళ్లో ఉన్న నాలుగు శాఖల రోగుల రికార్డులనూ ఒకచోట చేర్చే డేటా వేర్‌హౌస్ పెడుతున్నారు. నెల రోజుల్లో ఆ పని నేర్చుకోకపోతే, రికార్డులు చూసుకునే నన్ను దుప్పట్ల స్టోరుకు పంపుతారట. ఏం చదవమంటారని అడిగితే మా ఇంజనీరు తొమ్మిది పుస్తకాలు, ఇరవై వీడియోలు రాసిచ్చాడు. వారం నుంచి ఒకటి తెరిచి, అది మూసి ఇంకొకటి తెరుస్తున్నాను. ఏదీ బుర్రకెక్కడం లేదు.

నిన్న ఒక పెద్దావిడ ఇంజెక్షనుకు వచ్చింది. "ఇదివరకు మీ రెండో ఆసుపత్రిలో చూపించుకున్నానమ్మా" అంది. మా ఫైల్లో ఆ మాటే లేదు. అనుమానమొచ్చి అక్కడికి ఫోన్ చేస్తే, ఆ మందు ఆమెకు పడదని వాళ్ల ఫైల్లో ఎర్రసిరాతో రాసి ఉందట! పరుగెత్తుకెళ్లి నర్సు చెయ్యి పట్టుకున్నాను. "ఇంకో నిమిషమైతే ఇచ్చేసేదాన్ని తల్లీ" అంటూ నర్సు సిరంజి పక్కన పెట్టేసింది. ఈ వేర్‌హౌస్ ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఎలా కట్టాలో మాత్రం ఇంకా తెలియదు.

ఇవాళ సూపరింటెండెంటు "స్టోరులో పని తేలిక కదమ్మా" అన్నారు. "నేను వెళ్లనండీ" అనేశాను. కాలేజీలో నువ్వు చెప్పేది ఈ పాఠమే కదా, ముందు చదవాల్సింది ఒక్కటే చెప్పు. నువ్వు పెన్సిలుతో గీతలు గీసుకున్న పుస్తకమైతే మరీ మంచిది, వెంటనే పంపు.

అమ్మ కళ్లజోడు మార్పించావా? వదిన కుట్టుమిషను బాగయిందా? వదినకు నమస్కారాలు, చంటిదానికి ఆశీస్సులు. అమ్మకు స్టోరు సంగతి చదవకు. పెద్దావిడ సంగతి మాత్రం రెండుసార్లు చదివి వినిపించు.

నీ చెల్లి