మచ్చు బుట్ట

మార్చి 1998, సంత రోజు
నర్సీపట్నం

ఒళ్లంతా పులిసిపోయింది. అయినా నిద్ర పట్టడం లేదు.

తూకానికి ముందే, సరుకు నాణ్యం చూసే మచ్చు పేరుతో, అమ్మొచ్చినవాళ్ల మూటలోంచి రెండు గుప్పిళ్ల చింతపండు తీసి మన బుట్టలో వేసుకోవడం ఇక్కడ ప్రతి కొట్లోనూ నాన్న కాలం నుంచీ ఉన్నదే. పోయిన సంతలో ఒక ముసలమ్మ, మచ్చు తీశాక తన మూట ఎత్తి బరువు చూసుకుంది. అది చూశాక ఇక తియ్యబుద్ధి కాలేదు. ఈ పొద్దున్నే బుట్టని అటక మీద పెట్టేశాను.

మొదటి బేరం కొండ మీంచి దిగిన కాసులమ్మది. మూట నేరుగా కాటా మీద పెట్టమన్నాను.

"ఏటి బావూ, మచ్చు తియ్యవా?"

"ఒద్దమ్మా, మానేశాను."

కాటా వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది.

"మరైతే కాటాలో ఏటి సేసినావు?"

ఏమీ చెయ్యలేదంటే నమ్మలేదు. మూట నెత్తికెత్తుకుని పక్క కొట్టుకి వెళ్లిపోయింది. అక్కడ సూరిబాబు పెద్ద పెద్ద గుప్పిళ్లతో మచ్చు తీస్తుంటే నిశ్చింతగా నిలబడింది. ఆమెనేమనగలను? వీధి మొత్తం మానేస్తే ఎవరికీ వింతగా ఉండదు. ఒక్కడు మానేస్తే వాడే దొంగలా కనిపిస్తాడు.

సాయంత్రం సూరిబాబుతో ఈ మాటే అంటే నవ్వాడు. "అందరూ మానేస్తే నానూ మానేస్తాన్రా" అన్నాడు. ఈ వీధిలో ఎవర్నడిగినా అదే అంటారు.

కొట్టు కట్టేసేటప్పుడు చూస్తే బుట్ట మళ్లీ కాటా పక్కనే ఉంది. మా ఆవిడ దించినట్టుంది.

నేను తిరిగి పైన పెట్టలేదు.