కార్సన్ సిటీ వెండి దొరసాని

సలీనా, కాన్సాస్
1966 మార్చి 4

శ్రీమతి వెల్డా క్విగ్లీ గారికి ఓర్వల్ స్టాడ్ నమస్కారాలతో రాస్తున్నది.

మనకు పరిచయం లేదు. మీ అన్నయ్య లెస్టరూ నేనూ ప్రతి గురువారం చర్చి కింది గదిలో పాత వెండి డాలర్లు ముందేసుకుని కూర్చుంటాం. నిన్న ఆయన, "నువ్వు వెతుకుతున్న కార్సన్ సిటీ దొరసాని మా చెల్లి ఇంట్లోనే ఉంది కదయ్యా" అన్నాడు. రాత్రి నాకు భోజనం సయించలేదు. నా దగ్గర అన్ని చోట్లూ నిండాయి, ఆవిడ చోటు ఒక్కటే ఖాళీ.

మొహమాటం లేకుండా అడుగుతున్నాను. చెంప మీద గీతలున్నాయా? చాలా చేతులు మారి అరిగిపోయిందా, ఇంటిపట్టునే ఉందా? కింద పాత ముద్ర ఉండి, దానిమీద కొత్త ముద్ర పడినదైతే మరీ మంచిది. కొందరు ముఖం చిట్లిస్తారు గానీ, నాకు అలాంటివంటేనే ప్రాణం.

భవదీయుడు,
ఓర్వల్ స్టాడ్

తా.క. మెరుపు ముఖ్యం. అద్దంలోలాగా నా మొహం కనబడాలి.


ఎల్కో, నెవాడా
మార్చి 11

స్టాడ్ గారికి,

మీ ఉత్తరం పొయ్యిలో వేయబోతుంటే పక్కింటి ఒపల్ చెయ్యి పట్టుకుంది. "ఆగవే, ఉన్నదున్నట్టు అడిగే మగాణ్ణి ఎక్కడైనా చూశావా? జవాబు రాయి" అంది.

నేను కార్సన్ సిటీలో పుట్టిన మాట నిజమే. దొరసానిని మాత్రం కాను, గదులు అద్దెకిచ్చుకుని బతుకుతున్నాను. చెంప మీద ఒక్కటే గీత, చిన్నప్పుడు కోడి గీరింది. చేతులు మారిన సంగతి అడగడానికి మీకు నోరెలా వచ్చింది? నాకు ఒక్కడే మొగుడు. పోయి తొమ్మిదేళ్లయింది. పాత ముద్రంటే అదే అయితే, ఉంది. దాన్ని తప్పుపట్టనన్నారు కాబట్టి కోపం కొంచెం తగ్గింది.

ఇట్లు,
వెల్డా క్విగ్లీ

తా.క. మీ మొహం కనబడేంత మెరుపు లేదు. ఆదివారాలు పౌడరు రాస్తే కాస్త నయం.


సలీనా
మార్చి 17

క్విగ్లీ గారికి,

మీ వారు పోయారని చదివి బాధపడ్డాను. మిగతాదాంట్లో సగం నాకు బోధపడలేదు. కోడి ఎలా గీరిందో ఊహకందడం లేదు. కానీ మీకు పుణ్యముంటుంది, పౌడరు మాత్రం రాయకండి. ఏదీ రాయకండి. నీళ్లు కూడా తగలనివ్వకండి. అంచులు పట్టుకుని ఎత్తి, మెత్తటి గుడ్డలో చుట్టి, తిరిగి సొరుగులో పెట్టేయండి.

అంతకుముందు చిన్న పరీక్ష. న్యూస్‌పేపరుకు ఎదురుగా నిలబెట్టి, ఆవిడలో అక్షరాలు ఎంత దూరం దాకా కనబడతాయో చూడండి. రిజిస్టరు పార్శిల్లో పంపితే ఖర్చు నాదే.

భవదీయుడు,
ఓర్వల్ స్టాడ్

తా.క. బరువు కూడా తూచి రాయండి. నకిలీలు తిరుగుతున్న రోజులు.


ఎల్కో
మార్చి 24

స్టాడ్ గారికి,

సొరుగు మాట దగ్గర నాకు తెలివొచ్చింది. మా ఆయన సొరుగులో వెండి డాలరుంది. దాని మీద ఆడమనిషి బొమ్మ, వెనక కార్సన్ సిటీ టంకశాల గుర్తు. మీ దొరసాని అదన్నమాట. ఒపల్ నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారిపడింది. నాకు నవ్వు రాలేదు. పోస్టు వచ్చే వేళకు జుట్టు దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డదాన్ని నేను. సిగ్గుగా ఉంది.

పోనివ్వండి. మెరుపు కావాలన్నారుగా, టూత్‌పేస్టూ వంటసోడా కలిపి పాత బ్రష్షుతో సాయంత్రం దాకా డాలరు తోమాను. ఇప్పుడు మీ మొహమే కాదు, మీ చుట్టాలందరి మొహాలూ కనబడతాయి. పంపమంటారా?

ఇట్లు,
వెల్డా క్విగ్లీ

తా.క. తూచమన్నది దాన్నే కదా? నేను ముందే వెళ్లి నన్ను తూచుకుని వచ్చాను.


సలీనా
ఏప్రిల్ 1

వెల్డా గారికి,

టంకశాలలో అచ్చుపడ్డప్పుడు వచ్చే మెరుపు వేరు. తోమితే అది పోతుంది, మళ్లీ రాదు. ఇంక దాన్ని ఎవరైనా మామూలు డాలరు విలువకే తీసుకుంటారు. మా గురువారం క్లబ్బులో చెబితే లెస్టరు తల పట్టుకున్నాడు.

నాకు రావలసినంత దుఃఖం రాలేదు. ఎందుకా అని ఆలోచించాను. డాలరు పోయిందని కాదు, ఇంక మీ ఉత్తరాలు రావేమోనని దిగులు. సిగ్గుపడాల్సింది నేను. మనిషికి రాస్తూ ఒక్కసారైనా మనిషిని గురించి అడగలేదు. ఎల్కోకు రైలు టిక్కెట్టు కొన్నాను. వద్దంటే రద్దు చేసుకుంటాను.

మీ
ఓర్వల్

తా.క. మీకు ఇష్టమైతే, ఆ కోడి కథ పూర్తిగా వినాలని ఉంది.


ఎల్కో
ఏప్రిల్ 7

ఓర్వల్ గారికి,

నేను తోమింది ఒపల్ దగ్గరున్న మామూలు డాలరు. మీరడిగింది గుడ్డలో చుట్టి ఎక్కడిదక్కడే ఉంది. మా ఆయన దానిమీద ఊపిరి కూడా తగలనిచ్చేవాడు కాదు, తోమకూడదని నాకు తెలియదా? డాలరు మీద ఆశ పోయాక కూడా మీరు ఇంకో ఉత్తరం రాస్తారో లేదో చూద్దామనిపించింది. రాశారు.

రండి. డాలరు మాత్రం అమ్మను, పంపను. చూడాలనిపించినప్పుడల్లా మీరే రావాలి. కాన్సాస్ నుంచి మాటిమాటికీ రావడం కష్టం కాబట్టి మేడమీద గది ఒకటి ఖాళీ చేయించాను.

మీ
వెల్డా

తా.క. అద్దె కాగితం నోట్లలో ఇవ్వండి. వెండి డాలర్లిచ్చారంటే తోమేస్తాను.