దూలం కింద పురిటిగది

మోక, జూన్ 1958

అన్నయ్యకు నీ చెల్లెలు దణ్ణంపెట్టి రాస్తున్నది.

ఈ మట్టిమిద్దె మనవాళ్లకు కొత్త. మీ బావగారు కప్పుమీది పాతమట్టి తీయించకుండా, ఏటా వానల ముందు దానిమీదే కొత్త చవుడుమట్టి పోయించారు. ఆ బరువుకి పురిటిగది దూలం వంగిపోయింది. బాగుచేయించడానికి ముగ్గురు మేస్త్రీలను పిలిచారు. మూడు రేట్లూ మూడు రకాలు. ఈయన ఇంకా బేరాలాడుతూనే ఉన్నారు.

రేటు మాటెత్తకముందే ముగ్గురూ ఒక్కమాటే అన్నారన్నయ్యా. దుర్గప్ప మేస్త్రి అయితే గుమ్మంలోంచే అరిచాడు: "బాలింతను ముందు ఈడ్నుంచి బయటికి తీయండప్పా! పని సంగతి ఆమ్యాల చూద్దాం!"

పురిటిస్నానం అయ్యేదాకా గడప దాటకూడదంటారు అత్తయ్య. ఈయన నోరెత్తరు. నువ్వు చెబితే వింటారు. అందిన బండెక్కి రా.

కాగితం మీద మళ్లీ మట్టి రాలింది. పసిదాన్ని నా కిందికి లాక్కుని, పైన వంగి రాస్తున్నాను.