ఎనిమిది రోజుల గడువు

1938 మార్చి 4

నాయన ఫారెస్టు రేంజి ఆఫీసు నుంచి ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చాడు. నల్లమలలో ఉచ్చులు పెట్టడం, కుంటల దగ్గర దుప్పుల్ని చంపడం నేరమని గిద్దలూరు సంతలో దండోరా వేయించాలట. తెలుగు చేసే పని గుమాస్తాది — అంటే నాయనది.

"మద్రాసులో చదివినావు గదా. జనానికి తెలిసేటట్ల నువ్వు రాయి."

బి.ఏ. అయి పది నెలలు. మొదటి పని.

మార్చి 5

నాలుగుసార్లు కొట్టేసి రాశాను. 'శిక్షార్హులగుదురు' తీసేశాను. చివర ఒక మాట నా సొంతం — ఎనిమిది రోజుల్లోగా ఉచ్చులు తీసేయండి, ఆ తర్వాత పట్టుబడితే కేసు. ఇంగ్లీషులో గడువు లేదు. చెప్పీ చెప్పగానే పట్టుకోవడం న్యాయం కాదనిపించింది.

నాయన రెండు అక్షరాలు దిద్ది, ఇంగ్లీషుతో పోల్చి చూడకుండానే సాపు ప్రతి రాసి పంపాడు. రేంజరుకు తెలుగు రాదు. సంతకం పడింది.

మార్చి 7

సంత. దండోరా వేసే దానయ్య తప్పెట కొట్టి నా మాటలే పలుకుతున్నాడు. ఉల్లిగడ్డల గోతాల పక్కన నిలబడి విన్నాను. ఆ గొంతులో బాగున్నాయి.

"ఎన్ని దినాలన్నాడు?"

"ఎనిమిది."

"ఇంకేంది, చాల్లే." నవ్వులు.

వాళ్లకు అర్థమయింది. సంతోషం.

మార్చి 10

ఎండ. చదివిన పుస్తకమే మళ్లీ.

మార్చి 11

పాలు పోసే నారమ్మ చెంబు దించుతూ చెప్పింది. వాళ్ల ఊళ్లో అటకల మీది ఉచ్చులన్నీ కిందికి దిగినాయట. ఎన్నడూ అడవి ముఖం చూడనివాళ్లు కూడా పోతున్నారట.

"సర్కారోళ్లు ఎనిమిది దినాలు ఇడిసిపెట్టినారు గదమ్మా. మళ్లా దొరకదని నా కొడుకు ఓబయ్య గూడా పోయినాడు. గొర్లను నా మీద పారేసి."

"అట్ల కాదు నారమ్మా... ఉచ్చులు తీసేయమని కదా గడువు—"

"తీస్తార్లే తల్లీ. ఖాళీగా ఎవురు తీస్తారు?"

మార్చి 12

నాయనకు చెప్పాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాడు. చాలాసేపు కళ్లద్దాలు తుడిచాడు.

"గడువు ఎవరు పెట్టమన్నారు?"

"నేనే పెట్టినాను."

మళ్లీ దండోరా వేయించమన్నాను. "వేయిస్తే తప్పు రాసినామని ఒప్పుకున్నట్టే. నోరెత్తొద్దు."

నోరెత్తలేదు. దుప్పులు ఇవాళ కూడా నీళ్లకు వస్తాయి.

మార్చి 14

గార్డులు ఓబయ్యను పట్టుకున్నారు. ఇంట్లో రెండు దుప్పి తోళ్లు, పచ్చివి. మార్కాపురం తీసుకుపోయారు. "ఇంకా ఒక దినం ఉంది గదయ్యా" అన్నాడట, బండి ఎక్కిస్తుంటే. గార్డులు దాన్ని తమాషాగా చెప్పుకుంటున్నారని నాయన అన్నాడు. తను నవ్వలేదు.

మార్చి 17

నారమ్మ ఉత్త చేతులతో వచ్చింది.

"దండోరాలో ఇన్నదే చేసినాడమ్మా. అట్లని కాగితం చూపిస్తే ఇడిసిపెడతారంట, లేకుంటే జైలేనంట. ప్లీడరయ్య చెప్పినాడు. నాయనగారి ఆఫీసులో ఉంటది గదా, ఎట్లన్నా దొరకపట్టు తల్లీ."

చూస్తానన్నాను. రాసింది నేనని ఆమెకు తెలియదు.

మార్చి 18

ఆఫీసు ఫైల్లో ఆ కాగితం లేదు. ఎట్లా పోయిందో నాయన చెప్పలేదు, నేను అడగలేదు. మిగిలింది నా చిత్తుప్రతి — నా దస్తూరీ, అంచున నాయన దిద్దిన రెండు అక్షరాలు. దాన్ని చూపిస్తే ఆయన ఉద్యోగం పోతుంది.

మార్చి 20

నాయన భోజనం దగ్గర, గోడతో అన్నట్టు — "పింఛనుకు ఇంకా నాలుగేండ్లు."

చిత్తుప్రతి చించేయమని మాత్రం అనలేదు. అని ఉంటే కోపం తెచ్చుకుందునేమో.

మార్చి 22

ఇవాళే ఓబయ్య పేషీ, మార్కాపురం కోర్టులో. పొద్దున్నే నారమ్మ పాలు తెచ్చింది. ఇక్కడి నుంచి నేరుగా రైలు స్టేషనుకు పోతుందట. నాయన అరుగు మీద చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"దొరికిందా తల్లీ?"

నాయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

పాలు గిన్నెలో పోసి వస్తానని చెంబు తీసుకుని లోపలికి వచ్చాను. పోశాను. చిత్తుప్రతి డైరీలోనే ఉంది, ఈ పేజీ కింద. ఇద్దరూ బయటే ఉన్నారు. ఖాళీ చెంబు నారమ్మకు తిరిగి ఇవ్వాలి.