లాప్‌టాప్‌కి గలీబు

మార్చి 4, సోమవారం

గొంతు డాక్టరమ్మ కోటు జేబు మళ్ళీ చిరిగింది. నెల తిరక్కుండా ఇది మూడోసారి. ఆ జేబులో ఏం మోస్తుందో ఆ తల్లికే తెలియాలి. ఆస్పత్రి లాండ్రీలో కుట్టుపని నాదొక్కదానిదే కాబట్టి ఎవరి చిరుగైనా నా మిషను దగ్గరికే వస్తుంది. మాట పడిపోయినవాళ్ళకి మాట నేర్పడం ఆవిడ పని. జేబు కుడుతూ కుడుతూ అక్క సంగతి చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

నరాల జబ్బట. ముందు మాట పోతుందని, తర్వాత చేతులని అక్క ఉండే దేశంలో డాక్టరు బావకి చెప్పాడు. బావ ఫోన్ చేసి నాకు చెప్పాడు. అక్కకి మాత్రం మెడనరం పట్టింది, మందులకి తగ్గిపోతుందని చెప్పాడు. మా ఇంట్లో అంతే. అమ్మ జబ్బు కూడా అమ్మకి తప్ప వీధి వీధంతా తెలుసు.

డాక్టరమ్మ అంతా విని, మాట ఉండగానే రికార్డు చేయించమంది. దానికో ప్రోగ్రాం ఉందట. తెర మీద ఒక్కో వాక్యం వస్తుంది, మనిషి చదివితే కంప్యూటర్ దాచుకుంటుంది. మాట పోయాక తెర మీది బొమ్మ నొక్కితే ఆ వాక్యం ఆ మనిషి గొంతులోనే వినిపిస్తుంది. ఎంత టైముందని అడిగింది. మూడు నాలుగు నెలలన్నాను. మరి ఇక్కడ కూర్చుని నా జేబు కుడుతున్నావేం అంది.

మార్చి 9, శనివారం

లాప్‌టాప్ కొన్నాను. అక్కడే కొనుక్కోమంటే బావ రేపు మాపు అంటూ ఏడాది గడిపేస్తాడు.

షాపతను ఎవరికని అడిగాడు. వేరే దేశంలో ఉన్న మా అక్కకి అన్నాను. గేమ్స్ ఆడుతుందా, సినిమాలు చూస్తుందా, బరువు తక్కువది చూపించనా అని ఒకటే ప్రశ్నలు. నాకు కావలసింది గట్టిగా అరిచేది. అక్క మంచం దగ్గర్నుంచి వంటింటికి ఇరవై అడుగులు. అతన్ని ఏదో ఒకటి మోగించమని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. పద్దెనిమిదికే షాపు అయిపోయింది. మిగతా రెండూ బయట ఫుట్‌పాత్ మీద వేసి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. డబ్బివ్వకుండా పారిపోతున్నాననుకున్నాడో ఏమో, వెనకే వచ్చాడు పాపం.

మార్చి 10, ఆదివారం, ఉదయం

డాక్టరమ్మ ఇచ్చిన వాక్యాలన్నీ తెలుగులో రాసుకున్నాను. మంచినీళ్ళు కావాలి. ఫ్యాను తగ్గించండి. నన్ను ఇటు తిప్పండి. నొప్పిగా ఉంది. రాస్తూ రెండుసార్లు లేచి మొహం కడుక్కున్నాను.

తర్వాత అక్క సొంత మాటలు కలిపాను. నీ మొహం, నీకేం తెలుసు. ఆ గిన్నె అక్కడ పెట్టకు. వచ్చేముందు చెప్పేదుండదా. తిట్టని అక్క అక్కే కాదు. మొత్తం రెండు వందల నలభై అయ్యాయి.

చిన్నప్పుడు మా ఇద్దరి గొంతులూ అమ్మ కూడా పోల్చుకోలేకపోయేది. పక్కగదిలోంచి ఒకరు ఎదురు చెబితే ఇంకొకరికి తిట్లు పడేవి. అక్కకి పెళ్ళైన కొత్తలో బావ ఫోన్ చేసి, నేనెత్తితే, అక్కే అనుకుని అయిదు నిమిషాలు ప్రేమగా మాట్లాడేశాడు. ఆ తర్వాత ఏడాది పాటు నా మొహం చూడలేకపోయాడు.

మార్చి 16, శనివారం

కొరియర్‌లో వేశాను. ప్రోగ్రాం ఎక్కించి, వాక్యాలు ఎక్కించి, తెర మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం మళ్ళీ అంటించి, షాపులోంచి వచ్చినట్టే పెట్టె మూశాను. కొత్తదానిలా కనబడాలన్న ముచ్చట.

బావకి ఫోన్లో అంతా విడమరిచి చెప్పి, వాక్యాల లిస్టు పంపాను. రోజుకి పది చదివించమన్నాను. నరానికి ఎక్సర్‌సైజ్ అని చెప్పు, అనుమానం రాదు అన్నాను. సరేనన్నాడు. అక్కకి నేను చెప్పింది గిఫ్టు పంపుతున్నానని మాత్రమే.

ఏప్రిల్ 2, మంగళవారం

ట్రాకింగ్‌లో ఇంకా కస్టమ్స్ అనే ఉంది. అక్కడ పడి తొమ్మిదో రోజు.

ఏప్రిల్ 14, ఆదివారం

చేరింది. అక్క ఫోన్ ఎత్తగానే ఎప్పటిలాగే చెల్లీ, తిన్నావా అంది. హలో అనడం మా అక్కకి చేతకాదు. ఆ తర్వాత తిట్లు. డబ్బులు చేదుగా ఉన్నాయా, ఎవరడిగారు నిన్ను అని. తిడుతుంటే ర అక్షరం నోట్లో ముద్దగా తిరుగుతోంది. ఫోన్ లైను బాగాలేదంది. అవును, బాగాలేదన్నాను.

మే 5, ఆదివారం

రోజూ పది చదువుతోందని బావ చెప్పాడు. ఒకటి పంపు, వింటానన్నాను. నెట్ సరిగా రావట్లేదన్నాడు. పోనీలే, చదువుతోంది కదా.

మే 12, ఆదివారం

అక్క తిన్నావా అన్నది రెండుసార్లు అడిగించుకుంటేగానీ అర్థం కాలేదు.

జూన్ 9, ఆదివారం

అక్క కూతురు వీడియో కాల్ చేసింది. పిన్నీ, నీకో వింత చూపిస్తానని బీరువా తెరిచింది. పట్టుచీరల మీద నేను పంపిన లాప్‌టాప్ ఉంది. దానికి నీలంరంగు గలీబు, అంచుకి గొలుసుకుట్టు, మూతకి రెండు గుండీలు. అమ్మ చేతిమీదుగా మా ఇద్దరికీ వచ్చిన కుట్టు అది. వాళ్ళమ్మ చేతులు వణుకుతున్నా నాలుగు రోజులు కూర్చుని కుట్టిందని పిల్ల మురిసిపోతోంది. తను కాలేజీలో చేరేదాకా ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డరట. కాలేజీకి ఇంకా రెండేళ్ళుంది. తెర మీద నేనంటించిన ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది.

పిల్ల ఫోన్ పెట్టేయగానే బావకి చేశాను. లిస్టు రాగానే చదివాడట. నన్ను ఇటు తిప్పండి అన్న చోట ఆగిపోయాడట. ఎక్సర్‌సైజ్ అని చెబితే నమ్మడానికి మీ అక్క చిన్నపిల్లా, ఆ ముక్క ఆవిడ చేత ఎలా చదివించను, నువ్వు చదివించగలవా అని నన్నే అడిగాడు. అందుకని అది పిల్ల చదువుకి వచ్చిందని చెప్పేశాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఏడ్చాడు. బావ ఏడవడం నేనెప్పుడూ వినలేదు. ఫోన్ పెట్టేశాను.

జూన్ 11, మంగళవారం

దిండు గలీబులు నలభై కుట్టాను. అన్నింటికీ రెండు వైపులా మూసేశాను. మా సూపర్‌వైజర్, మేమంతా ఇస్త్రీపెట్టె అంటాం, పేరుకి తగ్గట్టే పొగలు కక్కుతూ వచ్చి, దిండు ఎటునుంచి దూరుతుందమ్మా అని అడిగింది. కూర్చుని అన్నీ విప్పాను.

జూన్ 16, ఆదివారం

ఇవాళ అక్క మాట్లాడలేదు. ఫోన్లో ఒక వేలితో టైపు చేసి పంపింది. బావ చెప్పేశాడట.

అక్కకి ఫిబ్రవరిలోనే తెలుసు. ఆస్పత్రిలో బావ మందులకి వెళ్ళినప్పుడు ఫైలు తెరిచి చదివిందట. అంత కష్టపడి దాస్తున్నాడు, తెలిసిపోయిందంటే పాపం ఎలా తట్టుకుంటాడని ఊరుకుందట. కంప్యూటర్ మాత్రం నిజంగానే పిల్లకనుకుందట. నాకొక్క ముక్క చెప్పుంటే ఒక్కరోజులో రెండు వందల నలభై చదివేసేదాన్ని కదే అని రాసింది.

బావనంటానా. నేనేం చేశాను. ప్రతి ఆదివారం అక్కతో మాట్లాడుతూనే ఉన్నాను. నువ్వుగింజ నానని నోరు అన్ని వారాలు ఎలా మూసుకుందో నాకే తెలియదు. సిగ్గుగా ఉంది.

జూన్ 23, ఆదివారం

గలీబు విప్పారు. చేతులు కాలాక ఆకులు. మొదటి వాక్యం మంచినీళ్ళు కావాలి. అక్క పదకొండు సార్లు చదివింది. గొంతు స్పష్టంగా లేదు, మళ్ళీ చదవండి అని పదకొండు సార్లూ తెర మీద అదే వచ్చింది. పన్నెండోసారికి పిల్ల మూత మూసేసింది. ఇదంతా బావ చెప్పాడు. గుండీలు కూడా పెట్టేశారట.

జూలై 7, ఆదివారం

అక్క మెసేజ్. నీ గొంతూ నా గొంతూ ఒకటే కదా, నువ్వు చదివి పంపు అని.

కుదరదన్నాను. నీకు తగ్గుతుంది, అప్పుడు నువ్వే చదువుదువుగానిలే అన్నాను. మళ్ళీ అబద్ధం. బుద్ధి రాదు నాకు. అక్క ఒక్క మాటే తిరిగి పంపింది. నీ మొహం.

జూలై 10, బుధవారం, మధ్యాహ్నం

దుప్పట్ల స్టోర్‌రూమ్‌లో తలుపేసుకుంటే మిషన్ల మోత వినబడదు. భోజనం టైములో అక్కడ కూర్చుని ఫోన్లో చదివి, ఒక్కొక్కటీ పిల్లకి పంపుతున్నాను. పిల్ల కంప్యూటర్‌లో పెడుతోంది. ఇవాళ ముప్ఫై అయ్యాయి. నొప్పిగా ఉంది అన్నది ఎలా అనాలో తెలియలేదు. నా నొప్పిలా వస్తోంది. అక్కకి నొప్పొస్తే ముందు విసుక్కుంటుంది, ఆ తర్వాతే చెబుతుంది. విసుక్కుంటూ చదివాను.

జూలై 21, ఆదివారం

పిల్ల చెప్పింది. అక్క మంచం మీంచి ఆ గిన్నె అక్కడ పెట్టకు నొక్కితే వంటింట్లో బావకి వినబడిందట. గిన్నె తీసి పక్కన పెట్టాడట. అక్కకి మాట లేదని అప్పుడు గుర్తొచ్చి, స్టౌ కట్టేసి, అక్కడే పీట మీద కూర్చుండిపోయాడట.

ఇరవై అడుగులు సరిగ్గానే కొలిచాను.

ఆగస్టు 4, ఆదివారం

అక్క వేళ్ళకి కూడా మొదలైంది. మెసేజ్‌లో అక్షరాలు తప్పుతున్నాయి. రెండు వందల నలభైలో ఒకటి మర్చిపోయావు, ముఖ్యమైనది అదే, చదివి పంపు అని రాసింది. ఆ వాక్యం కూడా తనే రాసింది. చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆగస్టు 8, గురువారం

స్టోర్‌రూమ్. పద్నాలుగు సార్లు చదివితే ఒకటి కుదిరింది. పంపాను. మళ్ళీ వినలేదు.

ఆగస్టు 11, ఆదివారం

ఫోన్ మోగింది. చెల్లీ, తిన్నావా అని నా గొంతు నన్ను అడిగింది.

తిన్నానక్కా అన్నాను. తినలేదు.