తల్లి పేరు రాసే గడి

ప్రియమైన పిన్నీ,

ఈ మాట ఫోన్లో నోట పెగలదు. అందుకే కాగితం.

ఇవాళ పదిన్నర రోజుల ఎలుక పిండానికి రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద పెట్టాను. పెసరగింజంత ఉంది. కాళ్లు ఇంకా మొగ్గలే. ఆ మొగ్గలో ఎముక అక్కడే పుడుతుంది, కండ మాత్రం పుట్టదు. వెన్ను పక్కన పూసల్లా వరసకట్టిన ముద్దల్లోంచి కొన్ని కణాలు విడివడి, పాక్కుంటూ మొగ్గలోకి చేరతాయి. బయల్దేరినప్పుడు అవి కండ కావు. చేరాకే అవుతాయి. నోట్సులో "బయటి కణాలు" అని రాశాను. మా మేడం కొట్టేసి, "బయటివేమిటి తల్లీ? వలస వచ్చినవి అని రాయి. అవి రాకపోతే కాలికి ఎముకలే మిగిలేవి!" అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నువ్వు గుర్తొచ్చావు. నా మూడో ఏట అమ్మ పోతే, చదువు మధ్యలో ఆపేసి, నా కోసం నాన్నను చేసుకుని వచ్చావు. ఏడో తరగతిలో స్కూలు ఫారంలో తల్లి పేరు దగ్గర "లేరు" అని రాశాను. నువ్వు చదివావు. సంరక్షకురాలి గీత మీద సంతకం పెట్టి, వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పావు. అంతసేపు కడగాల్సిన గిన్నెలు ఆ రోజు లేవు.

ఇప్పుడు పరిశోధన పట్టాకు ఫారం నింపుతున్నాను. ఆ గడిలో నీ పేరు రాస్తాను. నిన్ను అమ్మా అని పిలుస్తాను. పన్నెండేళ్లుగా ఆ పిలుపు దాచుకున్నాను. సరేనను.

నీ మొండిఘటం

ఒసే ఎలుకల డాక్టరూ,

కండ వెన్ను దగ్గర్నుంచి పాక్కుంటూ వచ్చిందంటే నమ్ముతాను. నువ్వు మాత్రం రెండేళ్లుగా బస్సెక్కి ఇంటికి రాలేకపోయావు!

ఆ రోజు నేను ఏడ్చింది నా పేరు లేదని కాదే. అక్క పేరు లేదని. ఇంటి కాగితాల్లో దాని పేరు ఒక్కొక్కచోటా కొట్టేశారు. నీ ఫారాల్లోనైనా ఉంటుందనుకున్నాను. నువ్వూ లేరని రాసేశావు. ఆ గడిలో అక్క పేరే రాయి. తప్పుల్లేకుండా రాయి.

అమ్మా అంటానన్నావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పను, నెత్తికెక్కుతావు. కానీ వద్దు. నువ్వు పిన్నీ అని పిలిచినప్పుడల్లా నాకొక అక్క ఉండేదని ఈ ఇంటికి వినిపిస్తుంది. అలా వినిపించే మాట ఇంకొకటి మిగల్లేదు.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. నువ్వు కడుపులో మొదటిసారి కదిలినప్పుడు అక్క నా చెయ్యి లాక్కుని పొట్టకు ఆనించుకుంది.

"చూడవే, నీ కూతురు తంతోంది" అంది.

పిన్ని