యెరెవాన్ కిటికీలో అరారాతు

షార్జా, 2020 అక్టోబరు, శుక్రవారం

నేను చూసుకునే ఆర్మేనియా మామ్మగారికి సాయంత్రం మనవడు వాళ్ల రాజధాని యెరెవాన్ నుంచి వీడియో కాల్ చేశాడు. రేపు సరిహద్దులో జరుగుతున్న యుద్ధానికి వెళ్తున్నాడట. కిటికీలోంచి మంచు కప్పిన అరారాతు కొండను చూపించాడు. ఆవిడ ఫోనుకే ముద్దుపెట్టారు.

“బైబిల్లో జలప్రళయం తర్వాత నోవహు ఓడ నిలిచిన కొండేనా మామ్మగారూ?” అన్నాను.

“అదే. మేమంతా దాని బిడ్డలం. ఇప్పుడది టర్కీలో ఉంది, సరిహద్దు మూసేశారు. చూడటమే గానీ ముట్టుకోలేం,” అన్నారు. “వాడి కోసం నీ భాషలో ప్రార్థన చెయ్యమ్మా.”

మొదలుపెడితే నా నోట తిమోతి పేరొచ్చింది.

“తిమోతి ఎవరు?”

“మా తమ్ముడండీ. సైన్యంలో ఉన్నాడు, లడఖ్ సరిహద్దులో.”

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఇద్దరి పేర్లూ చెప్పు,” అన్నారు. చెప్పాను. వారం నుంచి తమ్ముడి ఫోను కలవడం లేదని మాత్రం చెప్పలేకపోయాను.